రెండు-పది సైజు గాజులు

జహీరాబాద్

అమ్మా, అనసూయను. బాగానే ఉన్నాను. నిన్న ఫోనులో స్కానింగ్ అనగానే "ఎవ్వలకు చెప్పకు బిడ్డా, ఇజ్జత్ పోతది" అని పెట్టేశావు. మిగతాది ఇప్పుడు విను.

ఏడాదిలో నా గాజుల సైజు మూడుసార్లు పెరిగింది. లావెక్కానని పూటకు ఒక్క జొన్నరొట్టే తినమన్నావు, అలాగే తిన్నాను. గాజులమ్మే గౌహర్ బేగం మాత్రం నా చేయి నొక్కి చూసి, "ఇది కొవ్వు కాదు బిడ్డా, బొక్కలే పెద్దగైనయ్. జర దవాఖానకు పో" అంది. వెళ్లి స్కానింగ్ తీయిస్తే, మెదడు కింది గ్రంథిలో శనగగింజంత గడ్డ ఉందట. నా చేతుల ఎముకలనూ దవడనూ పెంచుతున్నది అదేనట. వచ్చే నెల ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీసేస్తారు. ఇందులో నా తిండి తప్పేమీ లేదు, నా తప్పు అసలే లేదు.

నాన్న మోకాళ్ల నొప్పి తగ్గిందా? చెల్లి పెళ్లికి నాకు రెండు-పది సైజు గాజులు తీసిపెట్టు. ఫోటోలో వెనక వరసలో నిలబడను, ముందే ఉంటాను. ఇంట్లో అందరికీ దండాలు.

దాచే సంగతే అయితే కవరులో పెట్టి పంపేదాన్ని. నీకు కార్డులు చదివిపెట్టే పోస్టుమాన్ వెంకటన్నకు ఈ ఆఖరి మాట: అన్నా, జర గట్టిగ చదువు, అరుగు మీద కూసున్నోళ్లందరికి వినబడాలె.