మోటరు గది గొళ్ళెం

ఆగస్టు 3, ఆదివారం

రేపటి నుంచి పత్తిచేనులో క్రాసింగ్, మగ పువ్వు ఆడ పువ్వుకు రుద్దే పని, మొదలు. అన్నం తింటూ ఆయన చెప్పాడు. కూలివాళ్లు దొరకడం లేదు కాబట్టి కోడలు కూడా వస్తుందని అత్త అంది. నేను తల ఊపాను.

ఈ ఇంట్లో విత్తన పత్తి వేయడం ఈ ఏడే మొదలు; జూన్‌లో విత్తనం పెట్టినప్పటి నుంచి ఈ మాట కోసమే భయపడుతున్నాను. ఆ పని నాకు వచ్చని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. పదకొండేళ్లప్పుడు ఒక్క పంటకాలం చేశాను. ఆ ఊరి పేరు ఇక్కడ కూడా రాయను.

ఆగస్టు 4

నిద్ర లేదు. గోడ గడియారం టిక్కు టిక్కుమంటూ చెవిలో గుచ్చుతూనే ఉంది… పొద్దున లేచేసరికి ఆగి ఉంది. బ్యాటరీ పక్కన బల్ల మీద. టైమెంతయిందో తెలియట్లేదని అత్త గొణిగింది. ఆయన పళ్లు తోముకుంటూ ఏమీ ఎరగనట్టు బయటికి పోయాడు.

ఆగస్టు 6, బుధవారం

సాయంత్రం ఆడ మొక్కల మీద మొగ్గలు ఒలవాలి. పై రేకులు, లోపలి పసుపు పొడి గోటితో తీసేయాలి. మధ్యలో సన్న కాడ మాత్రం మిగలాలి, దానికి గోరు తగలకూడదు. ఒలిచిన మొగ్గకు గుర్తుగా ఎర్ర కాగితం. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి.

నేను మరిచిపోయాననుకున్నాను. చేతులు మరిచిపోలేదు.

పక్క సాలులో మా వీధి మైబమ్మ. నోరు ఊరుకోదు. కాసేపు నా చేతులే చూసింది.

"మొగ్గకు నొప్పి గూడ తెలుస్తలేదు కదనే పిల్లా. మా ఇంటాయన గిట్ల పట్టుకుంటే నేను నెలకోసారి తల్లిగారింటికి ఎందుకు పోదును."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, తల వంచుకుని.

చేను మూలన బావి, దాని పక్కన మోటరు గది. రేకు తలుపు. గొళ్ళెం బయటివైపు. దాని ముందు నుంచి పోతే మా సాలు దగ్గర. నేను పై గట్టు మీదుగా చుట్టు తిరిగి పోయాను.

ఆగస్టు 9

అడవి పందుల కాపలాకు ఆయన చేను దగ్గరే పడుకుంటున్నాడు. ఇంట్లో అత్తా నేనే.

గ్లాసు కింద పెట్టే చప్పుడును బట్టే అత్త మనసు ఎట్లా ఉందో తెలుస్తుంది నాకు. ఇవాళ సాయంత్రం పళ్ళేలన్నీ ఒక్కసారి బండ మీద పడేసింది. నా చేతిలోని కూర గిన్నె జారింది. పక్కింటామెతో అంటోంది:

"మా ఇంటికి కోడలు రాలే, గాజు గిన్నె వచ్చింది. ముట్టుకుంటే పలుగుతది."

అత్త చెడ్డది కాదు. మోకాలు సలుపుతోంది ఆమెకు. చెప్పదు. ఆమె లేచేటప్పుడు నా మోకాలే కలుక్కుమంటుంది. ఇదే నా బాధ — ఎవరి నొప్పి ఎక్కడ ఆగాలో నా ఒంటికి తెలియదు.

ఆగస్టు 11

పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆయన వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నేను పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. ఎందుకని అప్పుడు అడగలేదు, ఇప్పటికీ అడగలేదు. అప్పటి నుంచి ఇంటికి బయలుదేరే ముందు ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. నేను ఎత్తకూడదు. ఒక్కసారి మోగి ఆగితే, వస్తున్నాడని.

ఐదు రోజులైంది ఫోను అట్లా మోగి. ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చేనులో రోజూ కనిపిస్తాడు, నలుగురి మధ్య. అది చూడటం కాదు.

ఆగస్టు 12

మోగలేదు.

ఆగస్టు 14, గురువారం

ఇవాళ అందరి ముందు…

ఆయన పురుగుమందు తేవడానికి గద్వాల పోయాడు. మగ సాళ్లు వాడుతున్నాయి. గట్టు మీద కూర్చున్న అత్త, పోయి మోటరు వేసి రమ్మంది. పోయాను. పది అడుగుల దూరం దాకా పోయాను. తలుపు సగం తెరిచి ఉంది, లోపల చీకట్లో స్టార్టరు పచ్చ దీపం. కాళ్లు కదలలేదు. అత్త పిలుస్తోంది, వినిపిస్తోంది, కదలలేదు. చివరికి మైబమ్మ వచ్చి లోపలికి పోయి వేసింది. ఆ గుంయ్‌మనే మోత… చెవులు మూసుకుని మట్టిలో కూర్చుండిపోయాను. అందరూ చూశారు.

"మోటరు ఎయ్యనీకె గూడ రాదా? మీ అమ్మ ఏం నేర్పి తోలింది?" అంది అత్త.

సాయంత్రం ఆయన చేనుకే తిరిగొచ్చాడు. ఎవరో చెప్పే ఉంటారు.

"ఏమైంది సుజా?"

ఎండ దెబ్బ అన్నాను. ఇంకొక్కసారి అడిగితే చెప్పేదాన్నేమో. అడగలేదు.

ఆగస్టు 15

నోటితో రాదు. రాసి చూస్తాను.

ఐదో తరగతి అయిపోయింది. కూలీలను కుదిర్చే మేస్త్రి ఐదుగురు ఆడపిల్లల్ని జీపులో తీసుకుపోయాడు. చిన్న చేతులైతే మొగ్గ చెడదట. ఒక సాయంత్రం నాకు జ్వరం. చేతులు వణికి చాలా కాడలు విరిగాయి. చేను ఆసామి కొట్టలేదు. మోటరు గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టాడు. లోపల మోటరు తిరుగుతోంది. పచ్చ దీపం ఒక్కటే. అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినిపించలేదు.

తెల్లారి గొళ్ళెం తీశాడు. "పో, పువ్వు రుద్దు పో" అన్నాడు.

పోయి రుద్దాను. ఆ రోజు ఒక్క కాడ కూడా విరగలేదు.

ఇంతే. రాస్తే ఇంతే ఉంది. పన్నెండేళ్లుగా ఇంత పెద్దగా ఉన్నది.

ఆగస్టు 18, సోమవారం

అమ్మకు ఫోను చేశాను. లోకంలో అమ్మ ఒక్కతికే తెలుసు. ఆయనకు చెప్పనా అని అడిగాను.

"గా ముచ్చట ఇప్పుడెందుకు బిడ్డా? చెప్తే పిచ్చిదంటరు. ఇంటికి తోలుతరు."

తర్వాత వాన గురించి మాట్లాడింది. నాగర్‌కర్నూల్ దిక్కు ఇంకా సరిగా పడలేదట. నాకు తెలుసు, ఫోను పెట్టేసి ఏడ్చి ఉంటుంది.

ఆగస్టు 23, శనివారం

మల్దకల్ పోయాం, స్వామి దర్శనానికి. బండి మీద, ఇద్దరమే. దారంతా ఆయన చొక్కా వెనక మొహం దాచుకున్నాను. చెమట, మట్టి, పుప్పొడి వాసన. ఇంకాస్త దూరం ఉంటే బాగుండు మల్దకల్.

గుడి ముందు మైకు, జనం. నేను ఊపిరి బిగపట్టడం చూశాడేమో, దర్శనం కాగానే వెనక సందులోకి తీసుకుపోయాడు. మూసిన దుకాణం మెట్టు మీద కూర్చోబెట్టి, నాకు కారం పడదని అరటికాయ బజ్జీ తెచ్చాడు. సందులో ఒక మేక తప్ప ఎవరూ లేరు. ఎంత బాగుందో.

ఒక మాట చెప్పాలి అన్నాను.

"చెప్పు."

మొహం పూర్తిగా నా వైపు తిప్పాడు. అంత దగ్గరగా, అంత తీరికగా ఆ మొహం ఎప్పుడు చూశాను…

బజ్జీలో ఉప్పు తక్కువైంది అన్నాను.

ఒకటి తీసుకుని తిన్నాడు. మెల్లగా నమిలాడు.

"అవును. తక్కువనే ఉంది."

తర్వాత నేను తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆగస్టు 24

ఆ మెట్టు మీదే ఉంది మనసు.

ఆగస్టు 28

వీధిలో వినాయకుడిని పెట్టారు. పొద్దున నుంచి మైకు. దూది పెట్టుకుని రొట్టెలు చేశాను. దూది పెట్టుకున్నా వినపడింది, అత్త ఆయనతో అన్న మాట.

"పంటయ్యేదాక తల్లిగారింటికి తోలుదాం. ఈమెను జూస్తే నాకు గుండెదడ వస్తుంది. సోమవారం బస్సెక్కియ్యి."

ఆయన "చూస్తం" అన్నాడు. ఆ "చూస్తం" ఏ వైపుదో… ఎవరి గొంతైనా చదవగలను. ఆయన గొంతు దగ్గరికొచ్చేసరికి నాకు చదువు రాదు.

చెప్పినా చెప్పకపోయినా ఇంటికి తోలడమే అయింది, అమ్మా.

ఆగస్టు 30

సంచి సర్దాను. రెండు చీరలు. వనపర్తిలో బస్సు మారాలి. అమ్మ ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. అక్కడ ఒంటికి హాయి. కానీ అక్కడ ఫోను ఒక్కసారి మోగి ఆగదు. మోగినా, వస్తున్నాడని అర్థం కాదు.

ఆగస్టు 31, ఆదివారం

పొద్దున పువ్వు రుద్దడానికి పోయాను, చివరిసారి కదా అని. పై గట్టు వైపు తిరగబోతూ ఎందుకో ఆగి మోటరు గది వైపు చూశాను.

తలుపుకు గొళ్ళెం లేదు. గొళ్ళెం ఉన్న చోట నాలుగు చిల్లులు. వాటిలోంచి సన్నగా వెలుగు.

ఆయన పైపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నా అంతట నేనే పోయి అడిగాను, గొళ్ళెం ఏదని.

"తుప్పు పట్టింది. తీసేసిన."

తల ఎత్తలేదు. చేతులు కడుగుతూనే ఉన్నాడు, అప్పటికే శుభ్రంగా ఉన్న చేతులు.

మధ్యాహ్నం అన్నానికి వచ్చి చొక్కా మార్చుకుని మళ్లీ పోయాడు. ఉతుకుదామని జేబు చూశాను. మొగ్గలకు కట్టే ఎర్ర కాగితంలో పొట్లం. విప్పితే గొళ్ళెం, నాలుగు మేకులు. తుప్పు లేదు. నూనె ఇంకా వేలికి అంటుతోంది.

అమ్మ చెప్పిందా? అమ్మ చెప్పదు. మరి… పై గట్టు మీద నా అడుగులు చూశాడా? స్నానాల గది తలుపుకు గొళ్ళెం వేయకుండా మూడేళ్లుగా బకెట్టు అడ్డం పెట్టుకోవడం చూశాడా? ఎంతవరకు తెలుసు? గొళ్ళెం వరకే తెలుసా, ఆ తెల్లారిదాకా తెలుసా?

సంచి తలుపు పక్కనే ఉంది. రేపు పది గంటలకు బస్సు. అత్త గుళ్లో భజనకు పోయింది. వీధిలో మైకు కాసేపు ఆగింది.

ఫోను మోగింది. ఒక్కసారి. ఆగింది.

వస్తున్నాడు. చేను నుంచి ఇంటికి పావుగంట. గొళ్ళెం నా గుప్పిట్లో వెచ్చబడింది. ఇది ఆయన ముందు పెడతాను… తర్వాత మొదటి మాట ఏది…