పూస కుట్టని పువ్వు

సుగుణా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. చర్చి బల్లకని నువ్వు మొదలుపెట్టిన గుడ్డ మీద ఆఖరి పువ్వు ఇవాళ నేనే కుట్టిన. గుండ్రంగ కుట్టేటందుకు సూది కింద నువ్వు పెట్టే ఫుట్‌ను మిషనుకు బిగించి, పువ్వు నడుమ పిన్ను గుచ్చి, గుడ్డను చేత్తో తిప్పబోతే వంకర పోయింది.

పక్కింటి మరియక్క చూసి, "గుంజకు తమ్మీ. పిన్ను చుట్టూ అదే తిరుగుతది. సుగుణ ఊకె చెయ్యి ఆనిచ్చేది," అన్నది. విప్పి మళ్లీ కుట్టిన. ఈసారి కుట్టు మొదలైన చోటికే వచ్చి కలిసింది.

పిన్ను తీస్తే నడుమ చిన్న బొక్క మిగిలింది. నీ పువ్వులన్నిట్ల అక్కడ తెల్లపూస ఉంది.

"పూస నేను కుట్టియ్యనా?" అన్నది అక్క.

"ఉండనీ అక్కా. అది ఆమె పని."

గుడ్డను చర్చిల బల్ల మీద, ఆ పువ్వు ఆడోళ్ల వైపు, నువ్వు కూర్చునే చోటికి ఎదురుగ వచ్చేటట్టు పరవమని చెప్పిన.