సముద్రం ఒడ్డున లోతు చేసిన బావి

బాపూ,

నీ కాళ్లకు, అమ్మ కాళ్లకు దండం పెట్టి నీ బిడ్డ అనిత రాస్తున్నది. ఇక్కడ నేను, నీ అల్లుడు, చిన్ని ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ మీరంతా చల్లగా ఉండాలని రోజూ అనుకుంటాను. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? దేవరకొండ దవాఖానలో ఇచ్చిన మలాము రాసుకుంటున్నావా, లేక గూట్లో పెట్టి చూసుకుంటున్నావా? అమ్మకు చెప్పు, బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి, తల తిరిగిన రోజున మాత్రమే వేసుకునేది కాదు అది. బర్రె ఈనిందా? ఈనితే తమ్ముణ్ణి నాకు ఫోన్ చేయమను. జున్ను ఎట్లాగూ తినలేను, వినైనా సంతోషపడతాను.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావు. బావుల్లో తోటాలు పేల్చీ పేల్చీ నీ చెవులు పోయాయి. నీతో ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి. మేముండేది రేకుల గదుల వరసలో. నేను అరిస్తే చివరి గది దాకా వినబడుతుంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ వరసలో వాళ్ల ముందు అరిచి చెప్పే సంగతి కాదు. పైగా తమ్ముడు ఫోన్ స్పీకర్లో పెడతాడు, మన వాడకట్టంతా విని పోతుంది. అందుకని నువ్వు ఒక్కడివే కూర్చుని చదువుకో. చదివి ఫికర్ పెట్టుకోకు. ముందే చెబుతున్నాను, ఎవరికీ దెబ్బలు తగల్లేదు, ఎవరికీ జ్వరాలు లేవు.

మేస్త్రి వెంట వచ్చిన మనవాళ్లంతా పని అయిపోగానే వెళ్లిపోయారని నీకు తెలుసు. నీ అల్లుడికి బీచ్ పక్కన లాడ్జిలో తోటపని దొరికింది కాబట్టి మేం ఆగిపోయాం. నాకు రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్లు ఉబ్బుతాయి, ఇంటికొచ్చి గోరువెచ్చని నూనె రాస్తే తగ్గుతాయి. నువ్వు దిగులుపడాల్సినంత ఏం కాదు. జీతాలు చిన్నవే అయినా సర్దుకుంటున్నాం. వలలు లాగే వేళకు ఒడ్డుకు పోతే చిన్న చేపలు అగ్గువకు ఇస్తారు, చేతిలో లేకపోతే ఊరికే కూడా ఒక దోసెడు వేస్తారు. జొన్నపిండి ఇక్కడ బంగారం. ఆదివారం మాత్రం రొట్టె చేస్తాను, మిగతా రోజులు అన్నమే. ఎండలో ఆరేసిన బట్ట కూడా సాయంత్రానికి తడితడిగానే ఉంటుంది. డబ్బాలో ఉప్పు నీళ్లవుతుంది, సైకిల్ తుప్పు పడుతుంది. మన ఊళ్లో ఎండకు తిట్టుకునేవాళ్లం గానీ, ఆ పొడి ఎండ కోసం ఇప్పుడు నా ప్రాణం కొట్టుకుంటుంది. సముద్రం చూడటానికి జనం డబ్బులు పెట్టుకుని వస్తారు. నాకు మాత్రం చిన్ని అటు పరిగెత్తిన ప్రతిసారీ గుండె జారుతుంది. బడి దగ్గరే కాబట్టి కొంత నయం. టీచరమ్మ మంచిది, చిన్ని ఇప్పుడు పుస్తకం తనంతట తాను చదువుతోంది.

ఇక అసలు సంగతి. మా వరసకు నీళ్లన్నీ ఒక్క బావివే. నల్లాలు ఇటు దాకా ఇంకా రాలేదు. ఇసుకలో సిమెంటు ఒరలు దించిన చిన్న బావి అది, సముద్రం పక్కనే ఉన్నా నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. ఈ గదులూ ఆ బావీ నూకాలమ్మ గారివి. ముసలావిడ, మాట కటువు గానీ కిరాయి ఆలస్యమైనా గుమ్మం ముందు నిలబడి అరిచే రకం కాదు. ఈ వరసలో మగవాళ్లలో చాలామంది గుజరాత్ వైపు పడవల మీద పనికి పోయారు. ఇక్కడ మిగిలింది ఆడవాళ్లూ పిల్లలే. అంటే మన ఊళ్లోలాగే, వాళ్ల ఇళ్లల్లోనూ మగవాళ్లు ఫోన్లోనే ఉంటారు.

ఎండలు ముదిరేసరికి బావిలో నీళ్లు తగ్గాయి. బొక్కెన వేస్తే అడుగున ఇసుక గీరుకునేది. పొద్దున్నే ఆడవాళ్ల మధ్య గొడవలు మొదలయ్యాయి. అప్పుడు నూకాలమ్మ గారు ఊళ్లో లేదు, కూతురి కాన్పుకని పోయింది. నీ అల్లుడు ఒకరోజు ఆ గొడవ చూసి నవ్వాడు. “గింతదానికేనా? నీళ్లు తగ్గినయంటే బావి ఇంకో రెండు మూరలు దిగుమంటాంది. మా మామ దగ్గర నేర్సుకున్న పని, నేను దిగుత” అన్నాడు. నేనేం తక్కువ తిన్నానా? “మా బాపు తవ్విన బావి ఒక్కటి కూడా ఎండలే” అని నేనూ గొప్పలు పోయాను. పక్క గదిలో సత్యవతి అని నిండు చూలాలు ఉంది, ఆమె “అన్నయ్యా, మరి సేసి పెట్టండి, మీకు పున్నెం ఉంటాది” అంది. ఇక ఆయనను ఎవరు ఆపగలరు?

సెలవు రోజు పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి దిగాడు. లాడ్జిలో మిగిలిపోయిన ఒరలు రెండు అడిగి తెచ్చుకున్నాడు. నేను పైన తాడు లాగాను, సత్యవతి కాకుండా మిగతా ఆడవాళ్లంతా ఇసుక మోశారు. ఒరలు దిగేకొద్దీ నీళ్లు మోకాళ్ల దాకా, నడుము దాకా వచ్చాయి. పైకి వచ్చినప్పుడు ఆయన మొహం చూడాల్సింది బాపూ! పెళ్లిలో కూడా అంత వెలగలేదు. ఆ సాయంత్రం వరసంతా బిందెలు నింపుకుని మాకు చేపల పులుసు తెచ్చి పెట్టారు. “మామ సూస్తే ఏమంటుండెనో” అని ఆయన నాతో ఒకటికి పదిసార్లు అన్నాడు. వచ్చిన ఇన్నాళ్లకు మేం ఇక్కడి వాళ్లం అయ్యామని నాకు ఆ రోజు అనిపించింది.

ఆ సంతోషం నిలవలేదు. మరుసటి రోజు నీళ్లు ఉప్పగా తగిలాయి. కొత్త నీళ్లు కదా, తేటపడితే పోతుందని ఆయన అన్నాడు. మూడో రోజు నోట్లో పెట్టుకోలేకపోయాం. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. మన దగ్గర ఉప్పటి చవుడు ఊట తగిలితే దాన్ని దాటి ఇంకా కిందికి పోతాం కదా, కింద బండలో మంచి ఊట ఉంటుందని నువ్వు చెప్పేది అదే కదా. ఆయన అదే పట్టుకుని మళ్లీ దిగాడు. ఇంకా తవ్వాడు. ఎంత తవ్వితే అంత ఉప్పు. చివరికి పైకి వచ్చి బావి గట్టున కూలబడ్డాడు. అరచేతిలో నీళ్లు నాలుక మీద వేసుకోవడం, ఉమ్మేయడం, మళ్లీ వేసుకోవడం. నేను చెయ్యి పట్టుకుని లేపుకొచ్చాను.

నూకాలమ్మ గారు కబురు విని వచ్చేసింది. సంచి కింద పెట్టకుండా నేరుగా బావి దగ్గరికి పోయి ఒక గుక్క తాగి చూసింది. “ఏటి బాబూ ఇది? నిన్నెవలు దిగమన్నారు?” అంది. ఆయన తల దించుకుని, “బావి లోతైతే నీళ్లు ఎక్కువైతయనుకున్న పెద్దమ్మా” అన్నాడు. “మీ కొండల్లో అవుతాయేమో. ఇక్కడ మంచినీరు మీదనుంటాది, ఉప్పునీరు కిందనుంటాది, పాల మీద మీగడలాగ. తక్కువైతే తక్కువే తోడుకోవాలి గానీ, కిందకి దిగకూడదు. మా మావ నేర్పింది ఇదొక్కటే” అంది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది బాపూ. తిట్టలేదు. “ముందు నుయ్యి ఎప్పటిలాగ సెయ్యి. మీరుండడమా, ఎల్లడమా అన్నది తరవాత సూద్దాం” అని లోపలికి పోయింది.

 అప్పటినుంచి వరసలో వాళ్లంతా మెయిన్ రోడ్డు దాటి, అవతలి కాలనీ నల్లా నుంచి నీళ్లు మోసుకుంటున్నారు. లారీలు తిరిగే రోడ్డు అది. సత్యవతి ఆ పొట్టతో బిందె ఎత్తుకుని రోడ్డు పక్కన నిలబడటం చూసి నేనే పోయి బిందె అందుకున్నాను. నీ అల్లుడు ఇప్పుడు పనికి పోయే ముందూ, వచ్చాకా సైకిల్‌కు క్యాన్లు కట్టి అందరిళ్లకూ నీళ్లు తెస్తున్నాడు. ముందు సత్యవతికి, తరవాత మిగతా వాళ్లకు, చివరికి మాకు. కొందరు తీసుకుంటున్నారు, కొందరు తలుపు దగ్గరికి కూడా రావడం లేదు. “ఊరికి పోదాం పా. గీ మొకం వీళ్లకు ఎట్ల సూపాలె?” అన్నాడు ఒకరోజు. “తాగే నీళ్లు ఖరాబు చేసి పారిపోయినోళ్లని అనిపించుకుందామా? బావి బాగైనంక నువ్వు పొమ్మన్నా పోత, ఇప్పుడైతే రాను” అని నేను కసిరాను. కసిరాను గానీ నాకూ భయమే. ఇక్కడి నుంచి పొమ్మంటే ఎక్కడికి పోతాం? ఇంత తక్కువ కిరాయికి జాగా దొరకదు, చిన్ని బడి మళ్లీ ఆగిపోతుంది. మన ఊరికి నల్లాలు వచ్చాయి గానీ పనులు రాలేదు కదా.

బావిని నూకాలమ్మ గారు చెప్పినట్టే చేశాం. దించిన ఒరలు పైకి లాగాం. ఒడ్డు ఇసుక ఉప్పగా ఉంటుందని, వెనక దిబ్బ మీది ఇసుక తెచ్చి పాత లోతు వరకు పూడ్చాం. మొదటి తట్ట నేను వేశాను. తవ్విన బావిని పూడ్చడం నీ అల్లుడికి ఎంత కష్టంగా ఉందో నీకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. తరవాత మూత పెట్టి, తోడవద్దని అందరికీ చెప్పి, ఎదురుచూస్తున్నాం. రోజూ పొద్దున నూకాలమ్మ గారు ఒక చెంబు తోడి, రుచి చూసి, మళ్లీ మూత పెట్టి వెళ్లిపోతుంది. ఆ కాసేపు నేను గడప దగ్గరే నిలబడతాను.

నువ్వు నేర్పింది తప్పని అనడం లేదు బాపూ. మన నేలకు అదే సరైంది. ఈ నేల వేరని మాకు తెలియలేదు. నీ అల్లుడు మాత్రం, మామ పేరు చెడగొట్టానని నాతో అనకుండా లోపలే కుమిలిపోతున్నాడు. నీ ఎరుకలో ఎప్పుడైనా ఇట్లా బావి పాడై మళ్లీ బాగైందా? అయ్యుంటే రాయి. కాకపోయినా రాయి.

ఉత్తరం ఇక్కడి దాకా రాసి ఆపాను. పోస్టు చేయడానికి మనసొప్పలేదు. నీకు ఈ దిగులు ఎందుకు పంపాలని చింపేద్దామనుకున్నాను కూడా. చింపకపోవడమే మంచిదైంది, ఎందుకంటే ఈ రోజు ఒక సంగతి జరిగింది.

పొద్దున నూకాలమ్మ గారు చెంబుతో కాదు, బిందెతో వచ్చింది. బిందెడు తోడి తీసుకుపోయింది. పగలంతా ఆవిడ గది ముందు పొయ్యి మీద కుండ ఉందట. ఉప్పు నీళ్లలో కందిపప్పు ఉడకదని నీకు చెప్పాలా? మన పాత బోరు నీళ్లతో అమ్మ ఎన్ని కట్టెలు తగలేసేదో గుర్తుందిగా. నేను షెడ్డు నుంచి వచ్చేసరికి ఆవిడ మా గడప మీద కూర్చుని ఉంది. ఒళ్లో పప్పు గిన్నె. నీ అల్లుడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, కూర్చోమన్నా కూర్చోలేదట.

“సగం ఉడికింది. మిగతా సగం వానలు పడ్డాక ఉడుకుతాది. అంతవరకు పలుకు పలుకుగా తిందాం. మీరెక్కడికీ ఎల్లక్కర్లేదు. నుయ్యి పాడుసేసినోడే దానికి కాపలా కాయాలి” అని గిన్నె ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నిలబడే తిన్నాడు. ఆ పప్పు పళ్ల కింద కరకరమనడం నాకూ వినబడింది బాపూ. ఒక్క పలుకు వదలకుండా తిని, గిన్నె కడిగి ఇచ్చాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇన్ని రోజులు ఆపుకున్నదంతా ఒక్కసారే వచ్చింది.

ఇంకా భయం పోలేదు. నీళ్లు ఇప్పటికీ కొంచెం ఉప్పగానే ఉన్నాయి. వానలు ఆలస్యమైతే ఏమవుతుందో తెలియదు, సత్యవతికి నెలలు నిండాయి. కానీ మమ్మల్ని ఉండమన్నారు. ఆ ఒక్క మాట మీద ఈ రాత్రి నిద్రపోతాను.

అమ్మకు ఇదంతా నెమ్మదిగా చెప్పు, ముందు మేం బాగున్నామనే చెప్పు. ఎవరైనా ఇటు వస్తుంటే జొన్నలు ఒక సంచి పంపు, ఎక్కువొద్దు, ఇక్కడ చెమ్మకు పాడైపోతాయి. కొత్తకోట మేనత్తకు, మన వాడకట్టులో పెద్దలందరికీ నా దండాలు. తమ్ముణ్ణి బండి మెల్లగా నడపమను. చిన్ని తాతకు ముద్దులు అంటోంది. మీ ఇద్దరి దీవెన మా మీద ఉంటే చాలు.

ఒక్క మాట మాత్రం మరవకు. జవాబు రాసేటప్పుడు నా పేరు మీద కాదు, నీ అల్లుడి పేరు మీద రాయి. నా బిడ్డ మొగుడు బావి మంచిగ పూడ్చిండని రాయి. నీ చేతిరాత చూస్తేనే ఆయన తలెత్తుతాడు.

ఇట్లు,
నీ దీవెన కోసం ఎదురుచూసే బిడ్డ,
అనిత