ఎనిమిదో బొమ్మ

ఫిబ్రవరి 3, సోమవారం

కొత్త నోటుబుక్. తెలుగులోనే రాస్తాను. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం కానీ అమ్మకీ నాన్నకీ అక్షరాలు రావు. కాలేజీలో అందరిదీ తమిళం. నాకు మాత్రం యానాం నుంచి వచ్చిన ఒక ట్యూషన్ టీచరు నేర్పింది. కాబట్టి ఈ పుస్తకం హాల్లో తెరిచి పడేసినా తాళం వేసినట్టే.

పన్ను తీయించుకున్నాను. చెంప బన్నులా ఉంది. రేపు కూడా సెలవు.

ఈ సెమిస్టర్ స్టూడెంట్ గ్యాలరీ ఇన్‌చార్జి నేను. గ్యాలరీ అంటే పొడుగాటి గది, ఒకటే తలుపు. ఒకప్పుడు శిల్పం క్లాసు వాళ్ళు మట్టి దాచుకునేవారు. వాన వస్తే ఇప్పటికీ ఆ వాసనే. షో నడిచినన్ని రోజులూ ఇన్‌చార్జి పది నుంచి నాలుగు వరకు తలుపు పక్క కుర్చీలోంచి కదలకూడదు. అది రూలు.

ఎల్లుండి గురు షో మొదలు. నవంబరులో డెంగీ వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. మూడేళ్ళు ఇద్దరం స్టూడియోలో ఒకే మూల పంచుకున్నాం. క్లాసులో తెలుగు ఇళ్ళ పిల్లలం మేమిద్దరమే. వాడు మా అమ్మని అత్తా అనేవాడు, నేను వాళ్ళమ్మ సౌభాగ్యాన్ని అత్తా అనేదాన్ని, ఆమె నన్ను అమ్మా అన్నట్టు ‘మా’ అంటుంది. అందుకే హెచ్.ఓ.డి. సెల్వరాజ్ సర్ ఈ షో నాకు అప్పజెప్పారు. సరేనన్నాను.

ఫిబ్రవరి 5, బుధవారం

ఏం చేశానో రాసి చూసుకుంటే గానీ నాకే నమ్మకం కుదరదు.

ఓపెనింగ్ నాలుగింటికి. మూడున్నరకి వెళ్ళాను. నేను లేని రెండు రోజుల్లో జూనియర్లు మా మూలలో ఉన్న కాన్వాసులన్నీ తెచ్చి తగిలించేశారు, లేబుళ్ళు కూడా అంటించేశారు. గురువి ఏడు ఉండాలి. గోడల మీద ఎనిమిది ఉన్నాయి. ఎనిమిదోది నాది. నా మిగతావి ఇంట్లో ఉన్నాయి.

ఉల్లిపాయలు వలుస్తూ కూర్చున్న ఆడమనిషి, వెనక నుంచి. వంకాయ రంగు చీర. మెడ కొంచెం ఎడమకి వంగి ఉంటుంది. జూలైలో ఇంట్లో మా అమ్మని చూసి వేశాను; గురుకి చూపిద్దామని తెచ్చి మూలలో ఉంచాను, ఇంకెవరూ చూడలేదు. సంతకాలు పరీక్ష కోసం పెట్టే ఫైనల్ డిస్‌ప్లే ముందు అన్నిటికీ ఒకేసారి పెట్టడం నా అలవాటు, కాబట్టి దాని మీద పేరు లేదు. పక్కన లేబుల్ మాత్రం ఉంది. ఎ. గురు.

లేబుల్ పీకుదామని అంచుకింద గోరు దూర్చాను. అప్పుడే సౌభాగ్యం అత్త లోపలికి వచ్చింది. ఎవరూ రాకముందే ఒక్కతే చూసుకుందామని సారంలో వాళ్ళింటి నుంచి ఆటోలో ముందుగా వచ్చేసిందట. నా భుజం మీదుగా ఆ బొమ్మ చూసింది. చేతిలో సంచి కింద పెట్టింది.

"నన్నే వేసినాడు గదా. ఎప్పుడు చూసినాడో, నాకే తెలియలే."

మూడు నెలల్లో ఆమె మొహం అలా ఉండటం నేను చూడలేదు. నా వైపు తిరిగి, "నేనే గదా మా ఇది?" అంది.

"అవునత్తా," అన్నాను.

అంతే. ఒక్క మాట. దాని తర్వాత అందరూ వచ్చేశారు.

మా అమ్మ కూడా వచ్చింది. బొమ్మ ముందు ఒక్క క్షణం ఆగి, వెళ్ళి సౌభాగ్యం అత్త చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇంటికొచ్చి తలుపు వేశాక అడిగింది. "అది నా చీర గదే. నా వీపు గదే." జరిగింది చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. "నువ్వింక నోరు తెరవొద్దు," అంది. "ఆ యమ్మకి ఇప్పుడుండేది అదొక్కటే."

ఫిబ్రవరి 6, గురువారం

సౌభాగ్యం అత్త ఈరోజు కూడా వచ్చింది. పది నుంచి నాలుగు వరకు, ఆ బొమ్మ ముందే.

ఫిబ్రవరి 7, శుక్రవారం

బెంచీ తనే జరుపుకుంది. మిగతా ఏడింటి వైపు వీపు పెట్టి కూర్చుంటుంది. నాకోసం టిఫిన్ బాక్సులో పులిహోర తెచ్చింది. తినకపోతే అడుగుతుంది కాబట్టి తిన్నాను.

మధ్యాహ్నం అడిగింది. "ఇది వేసేటప్పుడు ఏందన్నా అన్నాడా మా, నన్ను గురించి?"

తెలియదు అనొచ్చు. మరిచిపోయాను అనొచ్చు. నేనేమన్నానంటే, ‘మా అమ్మ పని చేసేటప్పుడు మెడ ఇలా ఒక పక్కకి వంగుతుంది, ఎందుకో తనకే తెలియదు’ అన్నాడత్తా అని. అది మా అమ్మ గురించి నేను గురుతో అన్న మాట. వాడి నోట్లో పెట్టేశాను.

ఆమె చేత్తో తన మెడ తడుముకుంది. ఎడమ పక్క.

ఫిబ్రవరి 10, సోమవారం

శనివారం వాళ్ళ చుట్టాలని తీసుకొచ్చింది. గురు వాళ్ళ నాన్న ఆదికేశవన్ మామ కూడా వచ్చాడు. మెడ సంగతి అందరికీ చెప్పింది. "వాడు అన్నాడంట, కీర్తిక విన్నది," అని ప్రతిసారీ నన్ను చూపించింది. నేను ప్రతిసారీ తలూపాను. ఇప్పటికి ఎన్నిసార్లో లెక్క లేదు.

ఈరోజు ఇంకొకటి. సర్ ఆ బొమ్మని క్యాటలాగ్ కవర్ మీద వేయించారు. ఒక ట్రస్టు వాళ్ళు యువ చిత్రకారులకి ఏటా ఇచ్చే అవార్డు ఈసారి గురుకి ఇస్తారట, ఆ బొమ్మకే. ఇరవయ్యో తారీఖు ఫంక్షన్. ఈ కాలేజీలో పదేళ్ళలో వచ్చిన బెస్ట్ స్టూడెంట్ వర్క్ అది అన్నారు సర్. నాకు నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గుడ్ అనలేదు ఆయన.

సంతోషం వేసింది. వెంటనే సిగ్గేసింది.

ఫిబ్రవరి 12, బుధవారం

మార్చి పదిన నా ఫైనల్ డిస్‌ప్లే. ఐదు పెద్ద కాన్వాసులు కావాలి. నాలుగున్నాయి. ఐదోది గ్యాలరీలో గురు పేరుతో ఉంది.

ఆదివారం నుంచి కొత్తది మొదలుపెట్టాను. అమ్మనే, ముందు నుంచి, చేపలు కడుగుతూ. ఈ సాయంత్రం సర్ స్టూడియోలోకి వచ్చి చాలాసేపు చూశారు. మంచి వాడి దగ్గర నేర్చుకోవడం తప్పు కాదు, కానీ ఇది గురు బొమ్మకి కాపీలా ఉంది, పోయినవాణ్ణి అనుకరిస్తే బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్లు ఊరుకోరు అన్నారు. మర్యాదగానే అన్నారు.

నవ్వు వచ్చింది. ఆపుకోవడానికి బ్రష్షులు కడగడానికి వెళ్ళిపోయాను. కుళాయి దగ్గర ఏడ్చాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

గదికి ఒకటే తలుపు. దాని పక్కనే నేను. అయినా బయటికి పోలేను.

ఫిబ్రవరి 17, సోమవారం

ఫంక్షన్లో గురు గురించి నేను మాట్లాడాలట. అత్తే అడిగిందట సర్‌ని. స్టేజి మీద, మైకులో, వాడు ఆ బొమ్మ ఎలా వేశాడో చెప్పాలి. ఐదు నిమిషాలు.

అమ్మతో నా వల్ల కాదన్నాను. అయిదు నిమిషాలే గదా, పావం, ఆ తల్లి కోసం ఓర్చుకో అంది. అవార్డు తరవాత ఏముంది, బొమ్మ వాళ్ళింటికి పోతుంది, కత ముగిసింది అంది. ముగియదు. నేను సారం వైపు వెళ్ళినప్పుడల్లా ఆ ఇంట్లో దాని కింద కూర్చుని గురు అన్న మాటలు చెప్పాల్సి వస్తుంది. కొత్తవి కల్పించాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. ఈరోజు గురు నిజంగా ఏం మాట్లాడేవాడో గుర్తు చేసుకుందామని కూర్చున్నాను. మెడ మాటే వాడి గొంతులో వినిపించింది. భయమేసింది.

ఫిబ్రవరి 18, మంగళవారం

చెప్పేశాను.

పన్నెండింటికి. గదిలో ఇద్దరమే. ఆమె టిఫిన్ బాక్సు మూత తీస్తోంది. వెళ్ళి ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. "అత్తా, ఈ బొమ్మ గురు వేయలేదు. నేను వేశాను. ఇది మా అమ్మ."

ఆమెకి మొదట అర్థం కాలేదు. "ఏంది మా?" అంది. మళ్ళీ చెప్పాను. ఫోన్‌లో జూలై ఫొటోలు చూపించాను. సగం వేసిన బొమ్మ, పక్కన మా అమ్మ అదే చీరలో. ఆమె ఫోన్ పట్టుకుని ఒక్కో ఫొటో దగ్గరగా చూసింది.

"ఆ మెడ మాట?"

"అది కూడా నాదే."

మూత పెట్టేసింది. సంచి తీసుకుంది. లేచేటప్పుడు మోకాలు పట్టేసింది, నేను చెయ్యి ఇచ్చాను, పట్టుకోలేదు. తలుపు దగ్గర ఆగి ఒకటే అంది. "రెండు వారాలు నన్ను చూస్తానే ఉన్నావు గదా మా నువ్వు."

అవును. అదే చేశాను.

తర్వాత సర్ రూముకి వెళ్ళాను. ఆయనకీ ఫొటోలు చూపించాను. మొదటి రోజే ఎందుకు చెప్పలేదని అడిగారు. క్యాటలాగులు అన్నీ ప్రింటయి వచ్చేశాయి, బీరువాలో ఉన్నాయి. ఆయన ఒకటి తీసి కవర్ చూశారు. ఆ తర్వాత ట్రస్టుకి ఫోన్ చేయడానికి నన్ను బయటికి పొమ్మన్నారు.

ఫిబ్రవరి 19, బుధవారం

క్లాస్ గ్రూపులో మెసేజులు. చచ్చినోడి బొమ్మ కూడా వదల్లేదు అని ఒకడు. ఇన్‌చార్జి కదా, ఏదైనా తనదే అని ఇంకొకరు. అవార్డు ఆగిపోయింది. ట్రస్టు వాళ్ళు ఈ ఏడాదికి ఎవరికీ ఇవ్వరట. అమ్మ నాతో మాట్లాడటం లేదు, అన్నం మాత్రం పెట్టింది.

అత్త రాలేదు. బెంచీ అక్కడే ఉంది. నేను జరపలేదు.

ఫిబ్రవరి 20, గురువారం

రాలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

షో ఆఖరి రోజు. మూడింటికి బొమ్మలు దించడం మొదలుపెడదామని లేచాను. ముందు నాది దించి, గోడవైపు తిప్పి పెట్టాను. అప్పుడు వచ్చింది. ఒక్కతే. కళ్ళజోడు పెట్టుకుని వచ్చింది, ఇన్ని రోజుల్లో ఎప్పుడూ పెట్టుకోలేదు.

నన్ను పలకరించలేదు. ఖాళీ గోడ చూసింది. అడిగింది.

"మా వోడు వేసింది యావి?"

చూపించాను. ఏడూ. ఆమె బెంచీ వెనక, రెండు వారాలూ అక్కడే ఉన్నవి. గొప్ప బొమ్మలు కావు. గురుకే తెలుసు. వైతికుప్పం ఒడ్డున పడవల బొమ్మలు రెండు, నీళ్ళు బురదలా వచ్చాయి. వాడి కాలే, చెప్పుతో. ఒక ఆటో, మూడు చక్రాల్లో ఒకటి మరిచిపోయాడు. అద్దంలో సగం మొహం. ఇంకొకటి కాన్వాసంతా పచ్చ రంగే, అది ఏమిటో ఎవరికీ తెలియదు. చివరిది తెల్ల ప్రైమర్ మీద పెన్సిలు గీతలు, అక్కడితో ఆగిపోయింది.

ఒక్కోదాని ముందు చాలాసేపు నిలబడింది. ఆటో దగ్గర నవ్వింది. "చిన్నప్పుడూ అంతే. ఆవుకి మూడు కాళ్ళే వేస్తా ఉండె." సగం మొహం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

పెన్సిలు గీతల దగ్గర అడిగింది, ఇది ఏం వేద్దామనుకున్నాడు అని.

నోటిదాకా వచ్చింది ఏదో ఒకటి. మింగేశాను.

"తెలియదత్తా. నాతో చెప్పలేదు."

తలూపింది. బెంచీ వైపు చూసి, "పదైదు దినాలు వీటికి వీపు చూపించి కూర్చోనున్నాను," అంది. నాతో అన్నట్టు లేదు. నేను విన్నాను.

ఏడూ చీరల్లో చుట్టి రెండు ఆటోల్లో పంపించాం. నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఎక్కేటప్పుడు చెయ్యి ఇస్తే మాత్రం పట్టుకుంది.

మార్చి 2, ఆదివారం, ఉదయం 7

ఫోన్ మోగింది. సౌభాగ్యం అత్త. బాగున్నావా అని కూడా అనలేదు. గోడకి మేకు కొట్టించి మామ నిచ్చెన మీదే నిలబడి ఉన్నాడట. ఆ పచ్చ బొమ్మకి తల యాడ, కాలు యాడ అని అడిగింది.

నిజం చెప్పాను. నాకు తెలియదు. గురుకి కూడా తెలియదు. స్టూడియోలో ఒకసారి అలా పెట్టేవాడు, ఇంకోసారి ఇలా.

అవతల మామతో అంటోంది, "ఎట్లయినా తగిలించు. వచ్చే ఆయితవారం తిప్పి పెట్టుకుందాం."