చుట్టుకు నాలుగు సెకన్లు

దీపస్తంభం లంక,
6 జనవరి 1949

ప్రియమైన మరియక్కకు,

ఈ సంగతి ఇప్పుడే రాయకపోతే నీ బిడ్డ ముత్తమ్మ పెండ్లి ఖాయమైపోతుంది, అందుకే రాస్తున్నాను. పెంటయ్యకు పిల్లనిస్తామన్న మాట కొన్నాళ్లు ఆపు.

రజాకార్ల భయానికి కోదాడ విడిచిన నాకూ పెంటయ్యకూ ఈ లంకలోనే కొలువు దొరికిందని నీకు తెలుసు. ఇక్కడి దీపం చుట్టూ ఉన్న అద్దాల గూడును, గొలుసుకు వేలాడే ఇనుప పలకల బరువు తిప్పుతుంది. ముప్పై సెకన్లకు ఒక చుట్టు. ఆ లెక్కను బట్టే ఓడలవాళ్లు ఇది ఏ దీపమో పోల్చుకుంటారు. లెక్క తప్పితే ఓడ రాళ్ల మీదికి వస్తుంది. పది రోజులుగా, పెంటయ్య కాపలా ఉండే తెల్లవారుజామున చుట్టుకు నాలుగు సెకన్లు ఆలస్యమవుతోంది. బరువును పైకి చుట్టే శ్రమ తగ్గించుకోవడానికి అతను ఒక పలక తీసేస్తున్నాడని నా అనుమానం. పగలు చూస్తే పలకలన్నీ ఉంటాయి, తెల్లారాక మళ్లీ తగిలిస్తున్నాడేమో.

"నిద్రపోతున్నవా పెంటయ్యా?" అని అడిగాను.

"నీ గురక గా పైదాకా వినొస్తుంటే నిద్రెట్ల పడతది మామా?" అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నీ తమ్ముడు,
యేసయ్య

24 జనవరి

అక్కా,

నా మొదటి ఉత్తరం తప్పు. పెంటయ్యకు జ్వరం వస్తే మూడు రోజులు ఆ కాపలా నేనే ఉన్నాను. పలకలు నా చేతులతో లెక్కపెట్టాను. అయినా అదే ఆలస్యం. పళ్లచక్రాలు విప్పితే సందుల్లో చిక్కటి జిగురు. డిసెంబరులో యంత్రానికి సర్కారు పంపే నూనె అయిపోతే ఆముదం పోసింది నేనే. మిర్యాలగూడ మిల్లులో వేడెక్కే ఇరుసులకు పన్నెండేళ్లు అదే పోశాను. తెల్లవారుజాము చలికి చిక్కబడుతుందని తోచలేదు. కడిగి, పడవలో వచ్చిన నూనె వేశాక లెక్క కుదిరింది. ఆ ఆలస్యాన్ని రోజూ కాపలా పుస్తకంలో రాసిపెట్టింది పెంటయ్యే. పలక దాచేవాడు అట్లా రాస్తాడా?

అంతా అతనికి చెప్పాను, నీకు రాసిన ఉత్తరంతో సహా.

"గా ఉత్తరం పడవకిచ్చింది నేనే గద మామా. నా గురించి మంచిగ రాసినవనుకున్న" అన్నాడు.

పిల్లనిస్తామని నువ్వు మళ్లీ కబురు పంపు అక్కా. తప్పు నాదని ముత్తమ్మకు కూడా చెప్పు. ఇప్పుడు అతను ఒప్పుకుంటాడో లేదో నాకు తెలియదు.

నీ తమ్ముడు,
యేసయ్య