ఫౌజీ అన్నను తప్పుపట్టాను

ఆదివారం, రాత్రి

బేగంబజార్‌లో ఇవాళ మా గల్లీ మీటింగులో మా సొంత అన్నను నిలదీశాను. మిలటరీ నుంచి రిటైరై వచ్చి ఇంటి ముందు రేకుల షెడ్డు వేశాడు. దానితో మోరీ మూసుకుపోయి మురికినీళ్లు అందరి ఇళ్లల్లోకి వస్తున్నాయి. ఆ మాట అనగానే పక్కింటి గిన్నెల షాపాయన లేచాడు.

"బార్డర్ల నిలబడ్డ మనిషిని గట్ల అంటవా? సిగ్గు షరం లేదా?"

ముప్ఫై ఏళ్లుగా నా దుకాణంలో నన్ను మాట అనని వాళ్లు లేరు. అప్పుడెప్పుడూ నా తరఫున ఒక్కరూ ఇలా అడ్డు రాలేదు.

అన్నే ఆయనను ఆపాడు. "ఫౌజీ అయితే ఏంది భాయ్? తమ్ముడు చెప్పింది నిజమే. తప్పు నాదే, రేపే తీపిస్త."

అందరూ చప్పట్లు కొట్టారు, అన్నకే. నీళ్లు ఇక రావు, సంతోషించాలి. కానీ అన్న నా మీద అరిచి అందరిలో చులకనైతే బాగుండేదని ఇంకా అనిపిస్తోంది.