కొర్రల డబ్బా దగ్గర

సుభద్రా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీకు చెప్పాల్సిన వార్త ఏమిటంటే, హామిల్టన్‌కి కొర్రలొచ్చాయి! మన వీధి చివర మామూలు సూపర్‌మార్కెట్లోనే, క్వినోవా పక్కన పెద్ద డబ్బాలో, ఈమధ్యే పెట్టారు. నీకు షుగర్ వచ్చిన కొత్తలో ఇదే షాపులో అవి పిట్టల మేత అరలో తప్ప దొరికేవి కావు. నేను వద్దంటున్నా కొనేసి, "పిచ్చుకలకి షుగరుందా? చెప్పండి!" అని నన్నే దబాయించావు. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ నాకింతవరకూ దొరకలేదు.

సరే, అసలు సంగతికొస్తాను. నేను గింజలు కింద ఒలకబోస్తుంటే చూసి, అక్కడ పనిచేసే సమోవా దీవుల అమ్మాయి తనే స్కూపుతో నా సంచిలో పోసింది. మొదటి స్కూపుకి "లాభం" అంది. ఆ తర్వాత టూ, త్రీ. గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అనేదానివి నువ్వు. ఆ అమ్మాయినే అడిగేశాను.

"ఎవరు నేర్పారమ్మా?"

"మంగళవారాలు ఒక ఆంటీ వస్తుంది. వన్ అంటే ఊరుకోదు. గింజ కొరికి చూసి, ఆ పిట్టల మేత వైపు తిరిగి నవ్వుకుంటుంది."

ఆవిడ ఎలా ఉంటుందని అడగబోయి మానుకున్నాను. ఈ ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో ఎవరో అని తేలిపోతే, ఇంటికి ఒక్కణ్ణే ఎలా నడిచొచ్చేది?

"ఇంకా పొయ్యనా అంకుల్?"

"చాలమ్మా. రేపు మంగళవారం కదా, డబ్బా అడుగున కాస్త ఉండనీ."

నీ మొగుడు